కాలరక్క టోకెను

మా కుట్టు హాల్లో మూడో లైను పక్క గోడకి ఒక షీల్డు తగిలించి ఉంది. నల్లచెక్క మీద ఇత్తడి రేకు, రేకు మీద "ఆరోగ్య పరీక్షల్లో నూటికి నూరు శాతం" అని చెక్కిన అక్షరాలు. దాని కింద నా ఫొటో. చేతిలో పూలగుత్తి, ముఖాన ఇకిలింపు. రోజూ పొద్దున దాని ముందు నుంచే నడవాలి. నడిచిన ప్రతిసారీ నా నోట్లో పుల్లటి నీళ్లు ఊరతాయి. దాన్ని తీసెయ్యమని రెండుసార్లు అడిగాను. తియ్యాలంటే కారణం రాయాలట. కారణం రాస్తే పైవాళ్లు చదువుతారట. అందుకని అది అక్కడే ఉంది.

అది బడి చొక్కాల సీజను. ఎండలు మొదలైనప్పటి నుంచి బడులు తెరిచేదాకా మా కళ్లకి తెల్లచొక్కా తప్ప ఇంకో గుడ్డ ఆనదు. లైనుకి ఇరవై ఇద్దరం ఆడవాళ్లం. ఒకరు భుజాలు కలుపుతారు, ఒకరు చేతులు ఎక్కిస్తారు, ఒకరు కాజాలు తీస్తారు. మూడో లైనుకి నేను లీడర్ని. మా తోడికోడలు, అంటే బావగారి భార్య, అదే లైన్లో కాలర్లు వేసేది. ఇంట్లో ఆవిడ నాకు అక్క, నాకంటే ఐదేళ్లు పెద్ద. హాల్లో నా కింద పనిచేసే మనిషి. కాలరు మెడ దగ్గర ముడత పడకుండా, రెండు కొనలూ కవలపిల్లల్లా దింపడం ఆవిడ ఒక్కదానికే చేతనయ్యేది. అందుకే అందరూ కాలరక్క అనేవారు. చిన్నది తన మీద లీడరైందని ఆవిడ ఒక్కనాడూ మూతి తిప్పలేదు. ఆవిడ స్థానంలో నేనుంటే వంద తిప్పుదును.

మా దగ్గర ఒక అలవాటు ఉండేది. ఎవరికైనా నడుము పట్టేసినా, తల తిరిగినా, పక్కమనిషి ఆమె వంతు గుడ్డల కట్ట కూడా కుట్టేసి ఆమె నంబరు చీటీయే అంటించేది. చీటీ మీద ఎవరి నంబరుంటే ఆ పని వాళ్లదే. నిజంగా ఎవరు కుట్టారన్నది గడియారానికి పట్టదు. గడియారం అంటే మా సూపర్‌వైజరు. మనిషి ముఖం చూసేముందు తన మణికట్టు చూసుకుంటాడు కాబట్టి ఆ పేరు పెట్టుకున్నాం. ఈ అలవాటుని చెయ్యిసాయం అనేవాళ్లం. ఎంత మంచి ఆడవాళ్లమో అని మమ్మల్ని మేమే మెచ్చుకునేవాళ్లం కూడా.

సీజను మంచి ఊపు మీదున్నప్పుడు ఫ్యాక్టరీకి వ్యాను వచ్చింది. నలభై దాటిన ఆడవాళ్లందరికీ రొమ్ము పరీక్ష, రెండు పలకల మధ్య నొక్కి ఫొటో తీస్తారట, ఒక్కరోజే. సంక్షేమం చూసే మేడం వచ్చి మైకులో చెప్పింది. ఒక్కొక్కరికీ నంబరు వేసిన టోకెను ఇస్తారు, పరీక్ష కాగానే దాని మీద ముద్ర వేస్తారు. ఏ లైను టోకెన్లన్నీ ముద్రలతో తిరిగొస్తే ఆ లైనుకి షీల్డు. మా లైన్లో నలభై దాటినవాళ్లు తొమ్మిది మంది.

వ్యాను ఎక్కడ నిలిపారో చెప్పాలి. క్యాంటీనుకీ, సరుకు ఎక్కించే అరుగుకీ మధ్య. పెట్టెలెత్తే మగవాళ్లంతా ఆ అరుగు మీదే కూర్చుని తింటారు. మెట్ల దగ్గర పచ్చటి తెర ఒకటి కట్టారు, అది మోకాళ్ల దాకా వచ్చింది. తెర కింద నుంచి ఎవరి చెప్పులో చూసి, ఎవరు లోపలికెళ్లారో వాళ్లు చెప్పుకుంటున్నారు. మేడం ఒకసారి అటు చూసి, "అందరూ చదువుకున్నవాళ్లేగా, ఏమీ అనరు" అంది. ఏమీ అనకుండానే ఎంత అనొచ్చో ఆవిడకి తెలీదు కాబోలు.

గడియారం నా దగ్గరికొచ్చాడు. "నాలుగింటికి కంటైనరు వెళ్లాలి. ఒక్కొక్కరినే పంపించు. మిషను ఆగిందంటే నిన్నే అడుగుతా."

"తొమ్మిది టోకెన్లూ తిరిగి రావాలని మేడం అంటున్నారు కదండీ."

"అవీ రావాలి. ఇవీ వెళ్లాలి. ఎలాగన్నది నీ తెలివి."

మొదట పిట్ట వెళ్లింది. కాజాల మిషను మీద ఉండేది పిట్ట. సన్నటి మనిషి, నలభై రెండేళ్లొచ్చినా నడవదు, గెంతుతుంది. పావుగంటలో తిరిగొచ్చి, "ఇస్త్రీ చేసి పంపారు. ఇక ఈ జన్మలో ముడత పడవు" అంది. లైనంతా పగలబడి నవ్వాం.

పన్నెండయ్యేసరికి కాలర్ల దగ్గర చొక్కాలు గుట్ట పడ్డాయి. అప్పుడు అక్క మిషను ఆపి నా దగ్గరికొచ్చింది. ఆవిడ పని మధ్యలో లేవడం నేనెన్నడూ చూడలేదు. ముందు గుండీలున్న కొత్త జాకెట్టు వేసుకుంది. అది చూశాను, కుట్టు బాగుందనుకున్నాను, అంతే.

"చెల్లీ, నా టోకెను ఇవ్వవా? వెళ్లొస్తా."

"ఇప్పుడా అక్కా? నువ్వు లేచావంటే లైను పడుకుంటుంది."

"పది నిమిషాలే."

"పిట్ట వెళ్తుందిలే నీ నంబరు మీద. నాదీ తనకే ఇచ్చా."

ఆవిడ గొంతు తగ్గించింది. "నేనే వెళ్లాలే."

"ఏం, ఫొటో దిగొస్తావా?" అన్నాను, నలుగురికీ వినబడేలా.

నలుగురూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. వెళ్లి కూర్చుని, పైనున్న కాలరు తీసుకుని సూది కింద పెట్టింది.

జరిగింది అంతే. కోపాలు లేవు, కేకలు లేవు. ఎందుకు నువ్వే వెళ్లాలి అని ఒక్క ముక్క అడగడానికి నా నాలుక పడిపోయింది. నిజం చెప్పాలంటే, నాకు ఆ వ్యానంటే భయం. లోపల ఏముందో బయటపెడతారేమోనని భయం. దానికి పని అడ్డం పెట్టుకున్నాను. నాకు తప్పించుకోవాలని ఉంది కాబట్టి లోకంలో ఆడవాళ్లందరికీ అదే ఉంటుందనుకున్నాను. పైగా అక్కకి ఉపకారం చేస్తున్నాననుకున్నాను. నన్ను చెప్పుతో కొట్టాలి.

పిట్ట ఇంకో రెండుసార్లు వెళ్లొచ్చింది. దూది పొడి ఎగురుతుందని మేమంతా టోపీలు, ముక్కుగుడ్డలు పెట్టుకుంటాం కనుక కళ్లు తప్ప ఏమీ కనబడవు. రెండోసారి నర్సు ఆపి, "ఇందాక వచ్చావు కదమ్మా?" అని అడిగిందట. "అది మా అక్కండీ, ఇద్దరం ఒకే అచ్చు" అందట పిట్ట. మూడోసారికి ఇంకో అక్కని పుట్టించడం ఎందుకని, భోజనాలప్పుడు నర్సు మారేదాకా ఆగి వెళ్లింది. ఆ కథని అది అభినయించి చెబుతుంటే కడుపులు పట్టుకుని నవ్వాం. అక్క తల దించుకుని కుడుతోంది. నాలుగింటికి కంటైనరు వెళ్లింది. దాని వెనకే వ్యానూ వెళ్లింది.

రెండు వారాలకి రిపోర్టులొచ్చాయి. పిట్టకీ, అక్కకీ, నాకూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే మాట: అనుమానించదగ్గది ఏమీ లేదు, రెండేళ్ల తర్వాత మళ్లీ రండి. మేనేజరు వచ్చి షీల్డు ఇచ్చాడు. నా చేతిలో పూలగుత్తి పెట్టి, నవ్వమ్మా అన్నారు. నవ్వాను. ఆ గుత్తిని ఇంటికి తెచ్చి బక్కెట్లో పెడితే మూడోరోజుకి కాడలు కుళ్లి, నీళ్లు జిగురుగా తీగ సాగాయి. ఆ కంపు వంటింటి దాకా కొట్టింది. అక్కే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని పారబోసింది.

బావగారూ, మా ఆయనా కలిసి లామినేషన్ షాపు నడుపుతారు. కాగితం కంటబడితే అట్టలాగా ప్లాస్టిక్ వెయ్యందే బావగారికి నిద్ర పట్టదు. మా ఇంట్లో కరెంటు ఆఫీసు ఫోను నంబరు నుంచి పిల్లల మార్కుల దాకా అన్నీ లామినేషనే. అక్క రిపోర్టుకీ వేసి తెచ్చాడు.

"చూడమ్మా, నీ కోడలికి ఏమీ లేదని రాసిచ్చారు" అని మా అత్తయ్యకి చూపించాడు.

"ఏమీ లేదని తెలుసుకోడానికి వ్యానెక్కి బట్టలు విప్పాలా?" అంది అత్తయ్య. "మా కాలంలో ఇవన్నీ ఎవరికి తెలుసు? రాలేదూ, పోలేదూ."

"మీ కాలంలో వచ్చినవాళ్లు ఏమయ్యారో ఎవరైనా రాసిపెట్టారా అమ్మా?" అన్నాడు బావగారు, షోకేసులో ఆ కాగితాన్ని నిలబెడుతూ. మంచి ప్రశ్న అడిగాడు మహానుభావుడు. అడిగి, తలుపు వేసి, దుమ్ము పడకుండా గొళ్లెం పెట్టాడు.

అక్క ఏమీ అనలేదు. ఆవిడ మామూలుగానే ఏమీ అనదు కాబట్టి అదొక వింతగా నాకు తోచలేదు. ఎండలు ముదిరాయి. మేము రోజుకి రెండు గంటలు ఎక్కువ కుడుతున్నాం. అక్క ఎడమచెయ్యి కొంచెం దూరంగా పెట్టుకుని నడుస్తోందని పిట్ట ఒకసారి అంది. ఎండకి చెమట పొక్కులేమోలే అన్నాను. అన్నిటికీ నా దగ్గర సమాధానం ఉండేది ఆ రోజుల్లో.

ఒక ఆదివారం డాబా మీద ఆరిన బట్టలు తీసి మడతపెడుతున్నాను. కుట్టేవాళ్ల కళ్లు ముందు కుట్టు మీదకే పోతాయి. అక్క జాకెట్లు నాలుగున్నాయి. నాలుగింటికీ ఎడమ పక్క కుట్టు విప్పి, వేలెడు వదులు చేసి, మళ్లీ వేసి ఉంది. పాతకుట్టు సూదిరంధ్రాలు వరసగా కనబడుతున్నాయి. కుడిపక్క ముట్టుకోలేదు. ఒకదానికి లోపల ఎడమవైపు మెత్తటి నూలుగుడ్డ నాలుగు మడతలు వేసి కుట్టి ఉంది. మనిషి లావెక్కితే రెండు పక్కలా వదులు చేస్తారు. ఒకపక్కే చెయ్యడం పొరపాటు అనుకుందామంటే, అక్క వంకర కుట్టదు.

జాకెట్టు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. అక్క మెట్లెక్కి వచ్చి, నన్ను చూసి, జాకెట్టు నా చేతిలోంచి తీసుకుని మడతపెట్టింది.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"వ్యాను రాకముందు నుంచి. అప్పుడు చింతగింజంత."

"మరి చెప్పలేదేం?"

"చెబుదామనేగా ఆ రోజు లేచింది."

తప్పు పడుతున్నట్టు అనలేదు. ఎంతైంది అంటే గంటైంది అన్నట్టు అంది.

"తర్వాతైనా చెప్పొచ్చుగా అక్కా!"

"ఎలా చెప్పను? నా సంగతి చెప్పాలంటే ముందు కాగితం సంగతి చెప్పాలి. కాగితం అబద్ధమంటే నీ లీడరు పని పోతుంది, పిట్టని గేటు బయట నిలబెడతారు. సీజను అయ్యాక చూద్దామనుకున్నా." ఇంకో జాకెట్టు తీసి చేతులు సాపు చేసింది. "ఒకటి చెప్పనా? ఆ కాగితం రోజూ చూస్తుంటే ఒక్కోనాడు నిజమేనేమో అనిపించేది. నా పేరు, నా వయసు, నా నంబరు. ఏమీ లేదని ఎంత బాగా రాశారో. దుమ్ము తుడుస్తూ చదువుకునేదాన్ని."

నేను కిందికి పరిగెత్తి స్నానాలగదిలో వాంతి చేసుకున్నాను. నా మీద నాకు పుట్టిన రోత అది. ఎంత కక్కినా పోలేదు.

ఆ సాయంత్రం బావగారితో చెప్పాను. ఏం చెప్పాను? అక్కకి గడ్డ ఉంది, పెద్దాసుపత్రికి వెళ్దాం అని చెప్పాను. "రిపోర్టులో ఏమీ లేదన్నారుగా?" అన్నాడాయన. అప్పుడు చెప్పొచ్చు. అప్పుడు నీళ్లు నమిలాను. "ఎందుకైనా మంచిది" అన్నాను. ఎందుకైనా మంచిదట!

మర్నాడు ముగ్గురం వెళ్లాం. డాక్టరు తల నెరిసిన ఆవిడ, మాట పొదుపు. అక్కని లోపల చూసి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. బావగారు సంచీలోంచి లామినేషన్ కాగితం తీసి, బల్ల మీద తిన్నగా పెట్టాడు. ఆవిడ దాన్ని రెండుసార్లు చదివింది.

"ఇది రెండు నెలల కిందటిది. అప్పుడు ఏమీ లేదంటున్నారు. ఇప్పుడు నిమ్మకాయంత ఉంది. రెండు నెలల్లో ఇంత పెరిగే రకమైతే నేను ఆలోచించే తీరు వేరు. పాతదైతే వేరు." అక్క వైపు చూసింది. "ఈ పరీక్ష మీకు చేసిందేనా?"

అక్క నా వైపు చూడలేదు. "నాదేనండీ" అంది.

ఆ గొంతు నాకు బాగా తెలుసు. పక్కమనిషి కట్ట తను కుట్టి, గడియారం వచ్చి అడిగితే, ఆ కట్ట ఆవిడే కుట్టిందండీ అని చెప్పే గొంతు. ప్రాణం మీదకి వచ్చినప్పుడు కూడా నాకు చెయ్యిసాయం చేస్తోంది. డాక్టరు కలం మూత తీసి రాయడానికి వంగింది.

"కాదండీ" అన్నాను.

ముగ్గురూ నా వైపు తిరిగారు.

"ఆ రోజు ఈవిడ వ్యాను ఎక్కలేదు. వెళ్తానని అడిగింది, నేనే పంపలేదు. ఈవిడ టోకెను ఇచ్చి వేరే మనిషిని పంపించాను. ఆ రిపోర్టు ఆ మనిషిది."

డాక్టరు కలం పక్కన పెట్టింది. తర్వాత, "నిజం చెప్పావని మెచ్చుకోను. కానీ చెప్పకపోతే ఈవిడకి వేరేవాళ్ల వైద్యం చేసేదాన్ని" అంది. అక్కని మళ్లీ మొదటి నుంచి అడగడం మొదలుపెట్టింది. ఎప్పుడు తగిలింది, ఎంత ఉండేది, నొప్పి ఎప్పుడు. ఈసారి అక్క అన్నీ చెప్పింది. చింతగింజ నుంచి చెప్పింది.

బావగారు ఆ కాగితాన్ని తీసుకుని చింపబోయాడు. లామినేషన్ చిరగదు. రెండుగా మడిచాడు. వదలగానే అది లేచి మళ్లీ తిన్నగా నిలబడింది. దాన్ని చంకలో పెట్టుకుని వరండాలోకి వెళ్లి, గోడకేసి తిరిగి నిలబడ్డాడు. నన్ను ఒక్క తిట్టూ తిట్టలేదు. అప్పటి నుంచి సీజను అయ్యేదాకా నాతో మాట్లాడనూ లేదు.

ఫ్యాక్టరీకి వెళ్లి మేడంతో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ లేచి తలుపు వేసింది. "ఇప్పుడు ఇదంతా తవ్వుకుంటే ఎవరికి లాభం చెప్పు? ఆవిడకి వైద్యం జరుగుతోందిగా" అంది. గడియారం తన మణికట్టు చూసుకున్నాడు. ఎలాగన్నది నీ తెలివి అన్న మనిషి, "లైను నీ చేతిలో ఉంటే ఇలా ఎలా జరిగింది?" అని నన్నే అడిగాడు. క్రమశిక్షణ లేదని నన్ను లీడరు పని నుంచి తీసి మిషను మీద కూర్చోబెట్టారు. ఏ మిషనో చెప్పక్కర్లేదు, ఖాళీగా ఉన్నది ఒక్కటే. నేను వేసిన కాలర్లు పదికి నాలుగు వెనక్కి వచ్చేవి.

పిట్ట మూడురోజులు ముక్కు చీదుతూనే ఉంది. "మూడుసార్లు ఎక్కించారు కదే నన్ను. నాకున్న మంచి ఆవిడకి అంటితే ఎంత బాగుండేది" అని ఏడ్చింది. ఆ వారమే నేను పెద్దాసుపత్రికి వెళ్లి నా పరీక్ష నేను చేయించుకున్నాను. సొరుగులో వేలు పడితే ఎంత నొప్పో అంత. బట్టలు మార్చుకునే గదిలో గోడ గడియారం ఉంది. అటు చూశాను. మొత్తం కలిపి పది నిమిషాలు. అక్క అడిగినవి సరిగ్గా అన్నే. నాకేమీ లేదన్నారు. వెయ్యి దేవుళ్లకి మొక్కాల్సిన మాట అది. నాకు మాత్రం దొంగసొత్తు చేతిలో పెట్టినట్టనిపించింది.

అక్కకి ఎడమ రొమ్ము తీసేశారు. చంకలోకి కూడా పాకిందన్నారు. ముందే వచ్చుంటే గడ్డ వరకు తీస్తే సరిపోయేదేమో అని డాక్టరు అంది. ఏమో అన్న ఆ ఒక్క మాటని పట్టుకుని నేను బతకాలి. ఇంకా నెలల తరబడి మందులున్నాయి, వాటి తర్వాత ఏమిటన్నది డాక్టరు చెప్పలేదు, మేం అడగలేదు.

బడులు తెరిచారు. అక్క వీధి గదిలో కిటికీ పక్కన మంచం మీద కూర్చునేది. పొద్దున్నే పిల్లలు తెల్లచొక్కాల్లో పోతుంటే చూసేది. ఒకరోజు నేను పాలగ్లాసు తెస్తే, బయటకి వేలు చూపించి, "అదిగో, ఆ కాలరు నాది కాదు, నీది. కొన వంకరపోయింది" అంది. ఇద్దరం నవ్వాం. నవ్వితే ఆవిడకి కుట్లు లాగాయి. చేత్తో పట్టుకుని, లాగడం తగ్గేదాకా ఆగి, తలగడ కింద నుంచి ఆ నాలుగు జాకెట్లూ తీసింది.

"ఎడమపక్క లోపలికి తీసి కుట్టాలే. ఖాళీగా వేలాడుతోంది."

నేను చేతిలోకి తీసుకున్నాను. నాలుగింటికీ పని సన్నం. పాత అలవాటు, నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. "రేపు హాలుకి పట్టుకెళ్తా అక్కా. పిట్ట చెయ్యి సన్నం, తనకిస్తే..."

అక్క పాలగ్లాసు కింద పెట్టింది.

"పిట్టకి ఇవ్వకు" అంది. "నా పని ఈసారి నువ్వే చెయ్యి."

గోడకున్న టేపు తీసుకొచ్చాను. ఆవిడ ఎడమచెయ్యి లేచినంత మేరకి ఎత్తి పట్టుకుంది, నేను కొలత తీసేదాకా.